పాత హోండా సిటీ వీటెక్‌కు మళ్లీ ప్రాణం పోసి వేగం పెంచడం ఎలా

జపాన్ స్పోర్ట్స్ కారు అనగానే నిస్సాన్ స్కైలైన్, మజ్దా ఆర్ఎక్స్-7, టయోటా సుప్రా వంటి పేర్లు గుర్తుకొస్తాయి. అవి నల్లగొండ గడియారం సెంటర్‌లోనో, జడ్చర్ల చౌరస్తాలోనో కనిపించే కార్లు కావు. మన చేతికి అందేది, మన మిస్త్రీలకు చెయ్యి తిరిగినది, విడిభాగాలు ఇంకా వెతికితే దొరికేది ఒకటుంది. అది 2000 నుంచి 2003 వరకు గ్రేటర్ నోయిడా కర్మాగారం నుంచి వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్. చూడటానికి నాలుగు తలుపుల ఇంటి కారే అయినా, టన్నుకు అటూఇటూగా ఉన్న బరువుకు 106 హార్స్‌పవర్ ఇంజను పెట్టడం వల్ల ఆ రోజుల్లో దాని పరుగు ముందు పెద్ద కార్లు కూడా వెనకబడేవి. ఈ వ్యాసం అలాంటి కారును కొని, బాగుచేసి, ఆ తరువాత దాని బలం పెంచాలనుకునే వారి కోసం రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఆ ఇంజను స్వభావం తెలియాలి. వీటెక్ అంటే ఇంజను వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరును మార్చే పద్ధతి. హోండా దీన్ని మొదట 1989లో ఇంటెగ్రా కారులో ప్రవేశపెట్టింది. సిటీలో ఒక్కో సిలిండర్‌కు గాలి లోపలికి వచ్చే వైపు మూడు రాకర్ ఆర్మ్‌లు, అంటే వాల్వులను నొక్కి తెరిచే చిన్న మీటలు, పక్కపక్కన ఉంటాయి. మామూలు వేగంలో అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి వాల్వులను తెరుస్తాయి, మధ్యది ఊరికే కదులుతూ ఉంటుంది. ఇంజను తిరుగుడు పెరిగినప్పుడు ఒక సొలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న కవాటం) తెరుచుకుని ఇంజన్ ఆయిల్‌ను ఒత్తిడితో రాకర్లలోకి పంపుతుంది. ఆ ఒత్తిడికి లోపలి పిన్నులు జరిగి మూడు రాకర్లూ ఒకటిగా బిగుసుకుంటాయి, అప్పటి నుంచి వాల్వులు మధ్య రాకర్ కింద ఉన్న ఎత్తైన క్యామ్‌ను (తిరిగే ఇరుసు మీది ఉబ్బును) అనుసరించి ఎక్కువ తెరుచుకుంటాయి. కాబట్టి ఈ కారులో ఆయిల్ అంటే రాపిడిని తగ్గించే నూనె మాత్రమే కాదు, వేగాన్ని తెరిచే తాళంచెవి కూడా అదే.

నేను ఈ కారును నకిరేకల్ దగ్గర ఒక షెడ్డులో ఆరేళ్ళు కదలకుండా ఉన్న స్థితిలో కొన్నాను. కొన్న మొదటి నెలలోనే పెద్ద సైలెన్సర్, కోన్ ఫిల్టర్ పెట్టించి, మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ బయలుదేరాను. నార్కట్‌పల్లి దాటకముందే వేడి చూపే ముల్లు పైకి లేచింది, హెడ్ గాస్కెట్ పోయింది. బండిని లాక్కొచ్చి రేడియేటర్ విప్పి కోయించాక, లోపలి సన్నని గొట్టాలకు, నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్‌కు పట్టినట్టే, తెల్లటి గట్టి పొర పేరుకుని ఉంది. గోటితో గీకినా రాలలేదు. కొన్ని గొట్టాల్లో గుండుసూది కూడా దూరలేదు. మా మిస్త్రీ చాచా ఆ ముక్కను నా చేతిలో పెట్టి, "దీనికి ముందుగాల పానం పొయ్యుండ్రి సార్, ఉరికిచ్చుడు తర్వాత సూద్దాం" అన్నాడు. తప్పు కారుది కాదు, వరుస మార్చిన నాది. కింద చెప్పే పనుల వరుస ఆ రోజు నుంచి నేర్చుకున్నదే.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదట కాగితాలు. నల్లగొండలో ఆ కాలంలో నమోదైన కారుకు ఏపీ 24, మహబూబ్‌నగర్‌లో నమోదైన దానికి ఏపీ 22 నంబరు ఉంటుంది. పదిహేనేళ్ళు దాటిన కారు గనుక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించి ఉండాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఉండాలి. ఈ గడువు తీరిపోయిన కారు చవకగా వస్తుంది, కానీ ఆ చవకంతా తరువాత ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగడంలో పోతుంది. ఛాసిస్ నంబరును, ఇంజన్ నంబరును ఆర్‌సీతో ఒక్కో అంకె సరిపోల్చండి. వీటెక్ పేరుతో అమ్ముతున్నవాటిలో మామూలు 1.3 ఇంజను కారుకు వీటెక్ అక్షరాలు అతికించినవి కూడా ఉంటాయి. వేరే రాష్ట్రం కారైతే ఎన్‌ఓసీతో పాటు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోండి.

తరువాత రేకు. ఈ విషయంలో మన ప్రాంతం మనకు మేలు చేస్తుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ, చెన్నై కార్లకు అడుగున తుప్పు తినేసి ఉంటుంది, దేవరకొండ వైపు పొడి నేలలో పెరిగిన కారుకు అది తక్కువ. అందుకని ఇంజను కాస్త పాడైనా సరే, రేకు గట్టిగా ఉన్న లోకల్ కారునే ఎంచుకోవాలని నా సలహా. ఇంజనును మళ్ళీ కట్టవచ్చు, పుచ్చిపోయిన ఛాసిస్‌ను కట్టలేము. చేతిలో చిన్న అయస్కాంతం పట్టుకుని వెనుక చక్రాల పైవంపుల మీద, తలుపుల కింది అంచుల మీద జరపండి. అతుక్కోని చోట రేకు కాదు, పుట్టీ ఉందని అర్థం. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి, బ్యాటరీ తట్ట కింద చూడండి. ఎండ వల్ల పోయేవి వేరే ఉంటాయి. తలుపుల రబ్బర్లు చెక్కలా గట్టిపడతాయి, డ్యాష్‌బోర్డు పగులుతుంది, పైకప్పు రంగు పొరలు పొరలుగా లేస్తుంది. అవన్నీ సరిచేసుకోగలిగినవే. షెడ్డులో చాలాకాలం ఉన్న కారుకు మాత్రం ఎలుకలు వైరింగ్ కొరికాయేమో బానెట్ కింద టార్చి వేసి చూడాలి.

రేకు పని, రంగు

దీన్ని త్వరగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే మంచి టింకరింగ్ పనివాడికి మీరు చెప్పగలిగింది తక్కువ. పుచ్చిన రేకును కోసి కొత్త రేకు అతికించమనండి, దాని మీద పుట్టీ పూయనివ్వకండి. గ్యాసు వెల్డింగ్ వేడికి పలుచని రేకు వంకర పోతుంది కాబట్టి సీఓటూ వెల్డింగ్ చేయించండి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పడమే కాక ఇంజను కంప్యూటర్ కనెక్టరును కూడా ఊడదీయాలి, లేకపోతే ఒక నిప్పురవ్వతో వేల రూపాయల పెట్టె పోతుంది. ఎపాక్సీ ప్రైమర్ వేసి రంగు వేయించడానికి దసరా తరువాత నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ముగాలి తడి రంగు మీద ఇసుక కాగితంలా అంటుకుంటుంది. కారు రంగు మార్చదలచుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించాలి.

చల్లబరిచే వ్యవస్థ

మన జిల్లాల్లో ఈ కారు బతకాలంటే అసలు పని ఇక్కడే ఉంది. నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. అదే నీళ్ళలో ఉన్న సున్నపు లవణాలు వేడికి విడిపోయి రేడియేటర్ లోపల గట్టి పొర కడతాయి. దారిలో వేడెక్కిందని పొలం మోటారు దగ్గర ఆగి బిందెడు నీళ్ళు పోసిన ప్రతిసారీ ఆ పొర కొంచెం పెరిగినట్టే లెక్క. ఇరవై ఏళ్ళ కారులో ఇలా ఎన్నిసార్లు పోశారో ఎవరికీ తెలియదు గనుక పాత రేడియేటర్‌ను రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి మళ్ళీ పెట్టే ఆలోచన మానుకుని కొత్తది వేయండి. ఇంజను బ్లాకులోని పాత నీటిని కూడా పూర్తిగా దించి, శుభ్రమైన నీటితో రెండు మూడుసార్లు కడిగించండి. చివరికి నింపేది డిస్టిల్డ్ వాటరు, కూలెంట్ సమపాళ్ళలో కలిపిన మిశ్రమం కావాలి. డిక్కీలో రెండు లీటర్ల అదే మిశ్రమం ఎప్పుడూ ఉండాలి, అప్పుడు బోరు దగ్గర ఆగే అవసరం రాదు.

నీళ్ళ పైపులు, రేడియేటర్ మూత, ఫ్యాను, ఫ్యాను స్విచ్చి అన్నీ ఒకేసారి మార్చండి. మూత చిన్న వస్తువని తీసిపారేయకండి. లోపలి ఒత్తిడిని నిలిపి నీటి మరుగు స్థాయిని పెంచేది అదే, దాని స్ప్రింగు వదులైతే మంచి రేడియేటర్ కూడా పొంగుతుంది.

ఇప్పుడు థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కే దాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం, గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని చాలామంది పీకి పారేస్తారు. "మనది ఎండ దేశం, దీంతో ఏం పని" అనేది వారి వాదన. ఈ ఇంజన్ల థర్మోస్టాట్ సుమారు 78 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అది లేకపోతే హైవే మీద గాలి తగిలినప్పుడు ఇంజను తనకు కావలసిన వేడికి చేరదు. ఇంజను ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది, ప్లగ్గులు నల్లబడతాయి, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, కూలెంట్ తగినంత వేడెక్కే వరకు కంప్యూటర్ వీటెక్‌ను పని చేయనివ్వదు. వీటెక్ సరిగా తెరుచుకోవడం లేదని నెలల తరబడి సొలెనాయిడ్ మార్చుకుంటూ పోయిన వారి కార్లలో నేను చూసిన లోపం చాలాసార్లు ఈ తీసేసిన థర్మోస్టాటే.

ఇంజను ఆరోగ్యం

రేడియేటర్ పని అయ్యాక కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, గేజ్‌తో కొలవాలి. ఇంజనును వేడిచేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కనెక్టరు ఊడదీసి, పెట్రోలు పంపు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టించండి. ఈ తరం ఇంజన్లలో సుమారు 185 పీఎస్‌ఐ వస్తే బాగున్నట్టు, 135కు తగ్గితే విప్పక తప్పదు, ఏ రెండు సిలిండర్ల మధ్యా తేడా 28కి మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ తేడాగా ఉన్నాయి. ఈ పది నిమిషాల పరీక్ష చేయకుండా ఇంజను దించాలని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

పిస్టన్ల కదలికకు వాల్వుల కదలికను జతకలిపే టైమింగ్ బెల్టు వయసు కాగితాల మీద రుజువు కానంత వరకు అది ఈ రోజే తెగుతుందని అనుకోవాలి. తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. నీళ్ళ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి బెల్టు, టెన్షనర్, నీళ్ళ పంపు, ముందువైపు ఆయిల్ సీళ్ళు ఒకే విడతలో మార్చండి. క్రాంక్ పుల్లీ బోల్టు ఈ కార్లలో మొండిదని పేరు పడింది. పుల్లీని కదలకుండా పట్టే హోల్డరు, పొడుగాటి రాడ్డు లేకుండా దాని జోలికి పోతే బోల్టు తల గుండ్రబడుతుంది. ఇంకొక జాగ్రత్త: ఈ ఇంజను చాలా కార్ల ఇంజన్లకు భిన్నంగా గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతుంది. గుర్తులు కలపడానికి చేత్తో తిప్పేటప్పుడు ఆ దిశలోనే తిప్పాలి, అలవాటు కొద్దీ రెండో వైపు తిప్పితే బెల్టు వదులు తప్పు వైపు చేరి ఒక పన్ను జారుతుంది.

వాల్వుల సందు, అంటే మన మిస్త్రీల మాటలో టప్పెట్ సెట్టింగ్, ఫీలర్ గేజ్‌తోనే చేయాలి, చప్పుడు విని కాదు. గాలి వచ్చే వైపు 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, పొగ పోయే వైపు 0.23 నుంచి 0.27 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజను హెడ్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే ఈ కొలత తీసుకోవాలన్నది కంపెనీ నియమం. మే నెలలో నల్లగొండలో నీడలో కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది, కాబట్టి కారును రాత్రంతా ఆరుబయట నిలిపి తెల్లవారుజామున ఐదు గంటలకు ఈ పని పెట్టుకోండి. మా మిస్త్రీ మొదట నవ్వాడు కానీ, ఇప్పుడు తనే ఫజర్ నమాజు కాగానే గేజ్ పట్టుకుని వస్తున్నాడు.

వీటెక్ సొలెనాయిడ్‌ను విప్పితే దాని వెనుక జల్లెడ ఉన్న రబ్బరు గాస్కెట్ ఒకటి కనిపిస్తుంది. పాత కార్లలో అది నల్లటి మడ్డితో మూసుకుపోయి ఉంటుంది. జల్లెడను కడిగి, గట్టిపడిన రబ్బరును పారేసి కొత్తది వేయండి. సొలెనాయిడ్ తీగ దగ్గర మల్టీమీటర్‌తో 14 నుంచి 30 ఓమ్‌ల మధ్య వస్తే కాయిల్ బాగున్నట్టే. ఆ తరువాత ఆయిల్ స్థాయి చూడండి. డిప్‌స్టిక్ మీద కింది గీత కంటే తగ్గిన ఆయిల్‌తో వీటెక్ పలకదు, పలికినా ఇంజను బాగు కోసం కాదు.

ఎండాకాలంలో ఈ కార్ల యజమానులను ఏడిపించే మరో చిన్న వస్తువు మెయిన్ రిలే, అంటే పెట్రోలు పంపుకు, కంప్యూటర్‌కు కరెంటు అందించే స్విచ్చి. మధ్యాహ్నం ఎండలో అరగంట ఆపిన కారు స్టార్టు కాదు, సాయంత్రం చల్లబడగానే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు కింద ఉండే ఈ రిలే లోపలి టంకం ఏళ్ళ తరబడి వేడికి, చల్లదనానికి వెంట్రుక మందాన పగులుతుంది, వేడికి లోహం వ్యాకోచించినప్పుడు ఆ పగులు తెరుచుకుని కరెంటు ఆగుతుంది. పరీక్ష సులువు. తాళం తిప్పగానే రెండు సెకన్ల పాటు వెనుకనుంచి పెట్రోలు పంపు సన్నగా మూలగాలి. ఆ శబ్దం రాకపోతే అనుమానం రిలే మీదే. నేను దాన్ని విప్పి భూతద్దం కింద చూసినప్పుడు, ఒక పిన్ను చుట్టూ నల్లటి ఉంగరంలా పగులు కనిపించింది. పాత టంకాన్ని పీల్చి కొత్తగా వేస్తే సరిపోయింది. టీవీలు బాగుచేసే వారెవరైనా పావుగంటలో చేయగలిగిన పని ఇది, దీని కోసం పంపు, కంప్యూటర్ మార్చుకున్న వారు కూడా ఉన్నారు. డిస్ట్రిబ్యూటర్‌లో ప్లగ్గుల నిప్పురవ్వను నడిపించే ఇగ్నైటర్‌కు కూడా ఇలాంటి వేడి జబ్బే ఉంది గనుక అదొకటి విడిగా కొని పెట్టుకోవడం మంచిది.

పెట్రోలు మార్గం

ఈ కారు పుట్టినప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ లేదు, ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారులో ఆ తేమ ట్యాంకు అడుగున చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కాబట్టి ట్యాంకు దించి లోపల చూడాలి, పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంవి వేయాలి, ఫిల్టరు మార్చాలి, ఇంజెక్టర్లను అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించి నాలుగూ సమానంగా చిమ్ముతున్నాయో కొలిపించాలి. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉండటం వల్ల అదే మోతాదు పోసినా మిశ్రమం కొంత పలుచబడుతుంది. మామూలు ప్రయాణంలో ఆక్సిజన్ సెన్సర్ సాయంతో కంప్యూటర్ దాన్ని సరిచేసుకుంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు సరిచేసుకోదు. బలం పెంచేటప్పుడు ఈ విషయం మళ్ళీ అవసరమవుతుంది.

బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్

పరుగు కంటే ముందు ఆపడం. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. శ్రీశైలం ఘాటు దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు పెడల్ స్పాంజిలా లోపలికి పోవడం అంటే ఇదే. రెండేళ్ళకొకసారి మార్చండి. ముందు చక్రాల రబ్బరు పైపులు లోపల ఉబ్బి బ్రేకును పట్టేసి వదలకుండా చేస్తాయి, పైకి బాగా కనిపించినా మార్చేయండి. వెనుక డ్రమ్ముల వీల్ సిలిండర్లు తడిగా ఉంటే కొత్తవి వేయండి. డిస్కులు, ప్యాడ్లు మంచివి వేస్తే చాలు, మొదటి విడతలో పెద్ద కాలిపర్ల అవసరం రాదు.

టైరు గోడ మీద గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పూలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరుతో వేగానికి వెళ్ళకండి. పెద్ద రిమ్ము వేసుకుంటే టైరు మొత్తం వ్యాసం పాతదానికి మూడు శాతానికి మించి తేడా రాకుండా చూడండి.

కారును కిందికి దించే మోజు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంటారు. ఊరూరికి ఇష్టం వచ్చిన ఎత్తున స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. రెండంగుళాలు దించిన కారు మొదటి వారంలోనే ఆయిల్ సంపు పగలగొట్టుకుంటుంది. బుష్షులు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు అన్నీ కొత్తవి వేసి, ఎత్తు అలాగే ఉంచి కొంచెం బిగువైన షాకబ్జర్లు పెడితే మలుపులో వచ్చే తేడా మీకే తెలుస్తుంది. చివరగా అలైన్‌మెంట్.

ఇప్పుడు బలం పెంచడం

ఇక్కడికి వచ్చేసరికి చాలామందికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. పైవన్నీ చేసిన కారు, ఏ కొత్త భాగమూ లేకుండానే, కొన్న రోజు కంటే ఎంతో చురుగ్గా ఉంటుంది. రెండు నెలలు అలాగే నడిపి, ఇంకా కావాలనిపిస్తే ముందుకు వెళ్ళండి.

మొదట గాలి. బానెట్ కింద తెరిచి పెట్టిన కోన్ ఫిల్టరు పెద్ద శబ్దం చేస్తుంది, మన ఎండలో బలం తగ్గిస్తుంది. బయట 45 డిగ్రీలు, బానెట్ కింద 70 డిగ్రీలు ఉన్నప్పుడు లోపలి గాలి సాంద్రత బయటి గాలి కంటే దాదాపు ఏడు శాతం తక్కువ. ఆ మేరకు ప్రాణవాయువు తక్కువ, బలమూ తక్కువ. అందుకని కంపెనీ ఫిల్టరు డబ్బాను, అందులోని కాగితపు ఫిల్టరునే ఉంచి, దానికి బంపరు వెనుక నుంచి చల్లటి గాలి వచ్చే గొట్టం అమర్చండి. గొట్టం నోరు మరీ కిందికి పెడితే వానాకాలం నీళ్ళు పీలుస్తుంది, ఇంజను అక్కడికక్కడే పోతుంది. హార్వెస్టర్లు తిరిగే నెలల్లో ఫిల్టరును నెలకొకసారి విప్పి చూడండి.

తరువాత పొగ మార్గం. నాలుగు గొట్టాలు రెండుగా, రెండు ఒకటిగా కలిసే హెడర్ (ఇంజను నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాల జత) ఈ ఇంజనుకు సరిపోతుంది. దాని వెనుక రెండంగుళాల పైపు చాలు. రెండున్నర అంగుళాలు వేస్తే కింది వేగంలో లాగుడు పోయి, ట్రాక్టర్ వెనుక నుంచి ఓవర్‌టేక్ చేయడానికి కూడా గేరు దించవలసి వస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేయకండి. హెడర్‌కు వేడి పట్టీ చుట్టించండి, దానివల్ల బానెట్ కింద వేడి తగ్గుతుంది.

హెడ్ ఎలాగూ విప్పవలసి వస్తే వాల్వు సీట్లను మూడు కోణాల్లో కోయించి, గాలి దారుల అంచులను గాస్కెట్‌కు సమానంగా రుద్దించండి. ఈ పనికి హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపు అడిగితే చేయి తిరిగిన హెడ్ షాపు వారు దొరుకుతారు. హెడ్‌ను ఎక్కువ గీయించి కంప్రెషన్ పెంచే ఆలోచన మాత్రం వద్దు. మామూలు పెట్రోలుతో, మన వేడిలో ఇంజను కొట్టుకోవడం మొదలవుతుంది. గులకరాళ్ళు డబ్బాలో ఆడించినట్టు ఎక్కేటప్పుడు వినిపించే ఆ శబ్దం పిస్టన్లను పగలగొట్టే శబ్దం.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, ట్యూనింగ్. గాలి, పొగ మార్గాలు మార్చాక పెట్రోలు, ఇగ్నిషన్ లెక్కలు కూడా మారాలి. దీనికి కంపెనీ కంప్యూటర్‌కు జోడించే పిగ్గీబ్యాక్ పెట్టెనో, పూర్తి స్థాయి ప్రత్యేక కంప్యూటర్‌నో వాడతారు. ఏది వాడినా పొగ మార్గంలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగలోని ప్రాణవాయువును కచ్చితంగా కొలిచేది) పెట్టి కొలవకుండా ఒక్క అంకె కూడా మార్చనివ్వకండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు గాలి, పెట్రోలు నిష్పత్తి కంటే ల్యాంబ్డా విలువను నమ్మడం మేలు; అది 1 అయితే మిశ్రమం సరిసమానం, అంతకు తగ్గితే పెట్రోలు ఎక్కువ. పూర్తిగా తొక్కినప్పుడు 0.86 నుంచి 0.88 దగ్గర ఉంచితే బలమూ వస్తుంది, పిస్టన్లూ చల్లగా ఉంటాయి. ఇగ్నిషన్‌ను ముందుకు జరిపేటప్పుడు మే మధ్యాహ్నాన్ని దృష్టిలో పెట్టుకుని ఒకటి రెండు డిగ్రీలు తక్కువకే ఆగండి. డిసెంబరు చలిలో చేసిన ట్యూనింగ్ ఎండాకాలంలో ఇంజనును కొట్టించిన సంగతి నాకు అనుభవమే. టర్బో పెట్టాలనుకునే వారికి నా సమాధానం ఒక్కటే: ఈ పిస్టన్లు దానికి చేసినవి కావు, వాటిని మార్చే ఖర్చుతో ఇంకొక మంచి కారు వస్తుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా కారును మార్చకూడదు. ఈ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. వేరే ఇంజను దించాలంటే ముందే ఆర్టీఏ అనుమతి కావాలి, ఆర్‌సీలో నమోదు కావాలి. చేసిన మార్పులను బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ తిరస్కరించే హక్కు వారికి దొరుకుతుంది. ఊళ్ళో ఇళ్ళ కిటికీలు అదిరే సైలెన్సర్ పెట్టి పోలీసులను దూషించడంలో అర్థం లేదు. నిజంగా వేగం చూడాలనుకుంటే కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలోనో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనో చూడండి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద గేదెలు ఏ క్షణాన అడ్డం వస్తాయో చెప్పలేం.

నడిపి చూడటం

ఇంజను కొత్తగా కట్టించి ఉంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు 4000 ఆర్‌పీఎం దాటించకండి, ఒకే వేగంలో కూడా ఎక్కువసేపు నడపకండి. 500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టరు మార్చి, పాత ఆయిల్‌ను తెల్లటి గిన్నెలో పోసి ఎండలో చూడండి. బూడిద రంగు మెరుపు మామూలే, బంగారు రంగు రేణువులు కనిపిస్తే బేరింగులు పోతున్నట్టు, వెంటనే ఆపేయాలి. తొలి పరీక్షలు తెల్లవారుజామున, ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే పెట్టుకోండి. వెనక్కి వచ్చాక ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు ఉంచి, ఫ్యాను తిరగడం మొదలై తనంతట తాను ఆగుతుందా లేదా చూడండి. మరునాడు పొద్దున ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాత రేడియేటర్ మూత తీసి కూలెంట్ ఎంత తగ్గిందో కొలిచి, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. వరుసగా ఐదు ఉదయాలు ఆ స్థాయి కదలకుండా ఉంటే, ఆరో రోజు ఎర్ర గీత దాకా తొక్కవచ్చు.